బాపమ్మకు ఏమైందో బడిలో చెప్పాలి

మూడో తరగతి నుంచి ఐదో తరగతి వరకు చదివే పిల్లలకు అల్జీమర్స్ జబ్బు గురించి బడిలోనే, పేరు పెట్టి, సూటిగా చెప్పాలన్నది నా అభిప్రాయం. హనుమకొండ చుట్టుపక్కల ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో చాలా కాలంగా పాఠాలు చెబుతున్న వాడిగా, ఇదే జబ్బుతో ఉన్న తల్లిని వరంగల్ కొత్తవాడలోని మా ఇంట్లో చూసుకుంటున్న కొడుకుగా ఈ మాట అంటున్నాను. ఇది విన్న తోటి ఉపాధ్యాయుల్లో చాలామంది మొదట అడిగేది ఒకటే: అంత చిన్నపిల్లలకు ఇంత బరువైన సంగతి ఎందుకు? ప్రశ్న న్యాయమైనదే. కానీ మనం చెప్పకపోతే పిల్లలకు ఆ సంగతి తెలియకుండా ఉంటుందన్న నమ్మకం ఆ ప్రశ్న అడుగున ఉంది. మన ఇళ్లలో రోజులు ఎట్లా గడుస్తాయో తెలిసిన వారెవరూ దాన్ని ఒప్పుకోలేరు.

ఉత్తర తెలంగాణలో చిన్నపిల్లల పగలు ఎవరి దగ్గర గడుస్తుందో చూడండి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఎన్నో ఇళ్లలో తండ్రి దుబాయిలోనో, మస్కట్‌లోనో, సౌదీలోనో ఉంటాడు. వరంగల్ పల్లెల్లో పత్తి తీసే రోజుల్లో, మిరపకాయలు ఏరే రోజుల్లో తల్లి పొద్దున్నే కూలికి పోతే మళ్లీ పొద్దుగూకాకనే ఇంటికి చేరుతుంది. బడి విడిచాక ఇంట్లో ఉండేది బాపమ్మ, అంటే నాయనమ్మ, ఆమె దగ్గర పిల్లలు. కనుక ఆమె కూరలో ఉప్పు రెండోసారి వేసిందని, డబ్బులు ఎక్కడో దాచి దొంగలు ఎత్తుకుపోయారని ఏడ్చిందని, వాడకట్టులోనే తోవ తప్పి నిలబడిందని అందరికంటే ముందు గమనించేది ఎనిమిదేళ్ల మనవరాలు. దుబాయి నుంచి వీడియో కాల్ చేసే కొడుకుకు ఆ కాసేపు తల్లి బాగానే కనిపిస్తుంది. "తిన్నవా అమ్మా" అంటే "తిన్న బిడ్డా" అంటుంది. ఆమె తినలేదని పక్కన కూర్చున్న పిల్లకు తెలుసు. తెలిసినదానికి ఒక పేరుందని, దాన్ని పెద్దలకు చెప్పవచ్చునని మాత్రం ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటిన వారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. జ్ఞాపకం, ఆలోచన, రోజువారీ పనులు చేసుకునే శక్తి క్రమంగా తగ్గిపోయే స్థితిని డిమెన్షియా అంటారు. దానికి దారితీసే జబ్బుల్లో అల్జీమర్స్ మొదటిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 60 నుంచి 70 శాతం కేసులు దానివే. అయితే నాకు ఆ మొత్తం సంఖ్య కంటే దాని లోపలి వివరం ముఖ్యమనిపించింది. డిమెన్షియా మగవారిలో 5.8 శాతం, ఆడవారిలో 9 శాతం, పట్టణాల్లో 5.3 శాతం, పల్లెల్లో 8.4 శాతం, చదువు తక్కువైన కొద్దీ ఎక్కువ. అంటే పల్లెటూరిలో, పెద్దగా చదువుకోని ముసలమ్మ చేతుల మీద పిల్లలు పెరిగే ఇల్లు ఏదో, ఈ జబ్బు ఎక్కువగా అడుగుపెట్టేది ఆ ఇంట్లోనే. మన ప్రభుత్వ బడికి వచ్చే పిల్లలు ఆ ఇళ్ల నుంచే వస్తారు.

పెద్దలను గౌరవించాలని మనం నేర్పుతూనే ఉన్నాం కదా, అది చాలదా అని కొందరు అడుగుతారు. చాలదు. గౌరవం తెలిసిన పిల్ల, నిజం చెప్పాలని నేర్చుకున్న పిల్ల ఈ జబ్బు ముందు ఎట్లా నిలువునా చిక్కుకుంటుందో మా ఇంట్లోనే చూశాను. మా నాయన జంపఖానాలు నేసిన మనిషి. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ జంపఖానాలు కొత్తవాడ మగ్గాల మీద నేసేవే. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయనకు కండెలు చుట్టి ఇచ్చిన మా అమ్మ ఇప్పుడు సాయంత్రం కాగానే "తాత ఇంకా రాలేదా బిడ్డా, మగ్గం కాడనే ఉన్నడా" అని నాలుగో తరగతి చదివే నా బిడ్డను అడుగుతుంది. "తాత సచ్చిపోయిండు కదా బాపమ్మా" అని పిల్ల ఒకసారి నిజం చెప్పింది. మా అమ్మ ఆ కబురు అప్పుడే మొదటిసారి విన్నట్టు గుండెలు బాదుకుని ఏడ్చింది. కొంతసేపటికి ఏడుపు మాని, మళ్లీ అదే ప్రశ్న వేసింది. ఆ రాత్రి పిల్ల నా దగ్గరికి వచ్చి, "డాడీ, రేపు అడిగితే నేను అబద్ధం చెప్పాల్నా?" అంది.

ఇది చిన్న ప్రశ్న కాదు. ఈ జబ్బుతో ఉన్న వారిని చూసుకునే పెద్దలందరూ ఏదో ఒకనాడు దీని ముందు నిలబడతారు, ఎవరికి తోచినట్టు వారు తప్పించుకుంటారు. నా బిడ్డకు నేను చెప్పిన జవాబు ఇది: అబద్ధం చెప్పవద్దు, చావు కబురూ మళ్లీ చెప్పవద్దు. బాపమ్మ తాతను తలుచుకుంటున్నది, కాబట్టి నువ్వూ తాతను తలుచుకో. "తాత ఏం నేసేటోడు బాపమ్మా? అంచుకు ఏ రంగు పెట్టేటోడు?" అని అడుగు. ఆ తరువాత పిల్ల అట్లాగే అడిగింది. మా అమ్మ రంగుల గురించి, అద్దకం గురించి, జంపఖానాలు కొనే షావుకారు బేరం గురించి చెప్పుకుపోయింది. చెబుతున్నంతసేపూ ఆమె వేళ్లు దారం పట్టుకున్నట్టే కదిలాయి. చేతులు నేర్చిన పని, మాటగా గుర్తుంచుకున్న సంగతుల కంటే ఈ జబ్బులో చాలా కాలం నిలుస్తుందని వైద్యులు చెబుతారు. ఒక ప్రశ్నకు జవాబు దాటవేయడానికీ, ఆ ప్రశ్న వెనక ఉన్న బెంగకు జవాబివ్వడానికీ మధ్య తేడా తొమ్మిదేళ్ల పిల్లకు అర్థమవుతుంది. చెప్పేవారుండాలి, అంతే.

ఎట్లాగూ మరిచిపోతుంది కదా, ఏం చెబితే ఏమిటి అనే వారికి కూడా ఇక్కడే జవాబు చెప్పాలి. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, అల్జీమర్స్ ఉన్నవారికి దుఃఖం కలిగించే, సంతోషం కలిగించే సినిమా ముక్కలు చూపించారు. కొద్ది నిమిషాల తరువాత వారికి చూసిన విషయం దాదాపు గుర్తు లేదు. కానీ ఆ దుఃఖం, ఆ సంతోషం మనసులో ఇంకా ఉన్నాయి. అంటే మా అమ్మ ఆ సాయంత్రం ఎందుకు ఏడ్చిందో మరిచిపోయింది గానీ, ఏడ్చిన బరువు మాత్రం ఆమెను వదలలేదు. దేని గురించో తెలియని దిగులుతో ఆ రాత్రి తిండి ముట్టలేదు. ముసలివారి మీద అరిచి, వాళ్లకేం గుర్తుంటుందిలే అని తిరిగే పెద్దలను చూసి పిల్లలు అదే నేర్చుకుంటారు. మాట పోయినా మనసుకు తగిలినది ఉంటుందన్న ఒక్క వాక్యం మూడో తరగతిలో వింటే, ఆ పిల్లలు పెద్దలను చూసి నేర్చుకునే మొరటుతనానికి ఒక అడ్డు ఏర్పడుతుంది.

మన దగ్గర మరొక అలవాటు ఉంది. మంచం దగ్గరికి వచ్చిన చుట్టం ప్రతి ఒక్కరూ "నేనెవరో చెప్పు అత్తమ్మా, గుర్తుపట్టినవా?" అని అడుగుతారు. ప్రేమతోనే అడుగుతారు. ఆమె తడబడితే చుట్టూ ఉన్నవారు నవ్వుతారు, ఇంకొకరు ముందుకు వచ్చి "మరి నేను?" అంటారు. జవాబు చెప్పలేక ఆ మనిషి పదిమందిలో తల దించుకోవడం ఎవరికీ పట్టదు. పిల్లలు దీన్ని ఆటగా తీసుకుని రోజంతా ఆడతారు. బడిలో దీనికి మారుగా నేర్పవలసినది చాలా సులువు: ఎదురుగా వచ్చి, కంటికి కనబడేట్టు నిలబడి, ముందుగా నీ పేరు నువ్వే చెప్పు. "బాపమ్మా, నేను నీ మనవరాలిని, బడి నుంచి వచ్చిన" అను. పరీక్ష పెట్టవద్దు. పరీక్ష పెడితే ఎట్లా ఉంటుందో పిల్లలకు మనకంటే బాగా తెలుసు కనుక ఈ మాట వాళ్లకు చప్పున అందుతుంది.

అసలు జబ్బు ఏమిటో చెప్పడానికి నేను మన చెరువులను ఆసరా చేసుకుంటాను. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల సంగతి వరంగల్ పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. పై చెరువు అలుగు పారితే నీళ్లు కాలువ వెంట కింది చెరువుకు చేరుతాయని వాళ్లకు తెలుసు. ఈ రోజు చూసినది, విన్నది కూడా మెదడులో నిలవాలంటే ఒక కాలువ దాటాలి. ఆ చోటును హిప్పోకాంపస్ అంటారు. అల్జీమర్స్‌లో ముందుగా పూడిక పడేది సాధారణంగా ఆ చుట్టుపక్కలే. అందుకే పొద్దున ఏం తిన్నారన్నది లోపలికి చేరదు, ఎన్నో ఏళ్ల కింద చేరిన పెళ్లినాటి ముచ్చట మాత్రం చాలా కాలం అట్లాగే ఉంటుంది. మూడో తరగతికి ఇంతవరకు చాలు. ఐదో తరగతి పిల్లలు అంతటితో ఆగరు, ఆ పూడిక ఏమిటని అడుగుతారు. అమైలాయిడ్ అనే ప్రోటీన్ నాడీకణాల బయట గడ్డలుగా పేరుకుంటుందని, టావ్ అనే మరో ప్రోటీన్ కణాల లోపల చిక్కులు పడుతుందని, మెల్లగా ఆ కణాలు చనిపోతాయని వాళ్లకు చెప్పవచ్చు. ఇదంతా ఎవరు చూశారని అడిగితే, 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో చేరిన ఆగస్టె డీటర్ అనే 51 ఏళ్ల ఆమె గురించి చెప్పవచ్చు. ఆమెను చూసిన జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్, 1906లో ఆమె చనిపోయాక ఆమె మెదడును మైక్రోస్కోపు కింద పరీక్షించి, ఆ గడ్డలను, చిక్కులను లోకానికి చెప్పాడు. అంటే ఇది ముసలితనపు మొండితనం కాదు, చాదస్తం కాదు, కంటితో చూడదగిన దెబ్బ. ఈ ఒక్క నిజం పిల్లల మనసులో పడితే వాళ్లు బాపమ్మ మీద పెంచుకున్న కోపం చాలావరకు దిగిపోవడం నేను తరగతిలో చూశాను.

మరి పూడిక తీయవచ్చు కదా, మా ఊరి చెరువులో తీశారు కదా అని ఒక పిల్లవాడు తప్పకుండా అడుగుతాడు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనుల్లో ట్రాక్టర్ల మీద నల్లమట్టి పొలాలకు చేరడం ఇళ్లలో అందరూ చెప్పుకున్న సంగతే. అక్కడ నిజమే చెప్పాలి. అమైలాయిడ్‌ను కొంత తొలగించే మందులు ఇటీవల వచ్చాయి. అవి జబ్బు మొదటి దశలో దాని వేగాన్ని కొంత తగ్గించగలవు, చనిపోయిన కణాలను గానీ పోయిన జ్ఞాపకాలను గానీ తిరిగి తేలేవు. ఈ జబ్బు నయం కాదని పిల్లలకు చెప్పడానికి మనం వెనకాడతాం. కానీ బాపమ్మకు తొందర్లోనే నయమవుతుందని మనం చెబితే, నెలలు గడిచినా నయం కాకపోవడాన్ని పిల్లలు తమ తప్పుగా మోస్తారు. చిన్నపిల్లల ఊహ ఎప్పుడూ తన చుట్టూ తాను తిరుగుతుంది: నేను అల్లరి చేసినందుకే బాపమ్మ నన్ను మరిచిపోయింది అనుకునే పిల్లలు ఉంటారు. నీ వల్ల రాలేదు, నీకు అంటుకోదు, నువ్వు ఎంత బాగా ఉన్నా పోదు, అయినా నువ్వు దగ్గర కూర్చుంటే ఆమెకు హాయిగా ఉంటుంది అన్న నాలుగు మాటలూ విడదీయకుండా చెప్పాలి. సంగతి బరువైనదని భయపడేవారికి నా జవాబు ఇదే. ఆ బరువు పిల్లల మీద ఇప్పటికే ఉంది. మనం చెప్పేది దాన్ని దించుకునే దారి.

జపాన్‌లో 2005లో మొదలైన డిమెన్షియా సహాయకుల శిక్షణను ప్రాథమిక పాఠశాలల పిల్లలకు కూడా ఇస్తున్నారు. ఆ శిక్షణ పొందినవారు కోటి మందికి పైగా ఉన్నారు. వారికి నేర్పేది వైద్యం కాదు, దారిలో కంగారుపడుతున్న ముసలివారిని చూస్తే వెనక నుంచి కాకుండా ఎదురుగా వచ్చి నెమ్మదిగా పలకరించడం వంటివి. మన పిల్లలకూ అది అవసరమే. మేడారం జాతరలో తప్పిపోయిన వారి పేర్లు మైకులో చదువుతూనే ఉంటారు. తన పేరు, ఊరు చెప్పలేని ముసలమ్మ పేరు ఎవరు చదవాలి? చేయి పట్టి లాగవద్దు, ఒంటరిగా వెంట పోవద్దు, దగ్గరున్న పెద్దవారికో పోలీసుకో చెప్పు అన్నంత వరకు పదేళ్ల పిల్లలు చేయగలరు.

ఇక ఏం నేర్పకూడదో కూడా చెప్పాలి, ఎందుకంటే మంచి ఉద్దేశంతో మొదలై చెడిపోయే పాఠం ఇది. నివారణ పాఠంగా దీన్ని మార్చడానికి నేను ఒప్పుకోను. డిమెన్షియాకు మార్చదగిన కారణాలు 14 ఉన్నాయని, వాటన్నింటినీ సరిదిద్దగలిగితే దాదాపు 45 శాతం కేసులు రాకుండానో ఆలస్యంగానో చేయవచ్చని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక కమిషన్ చెప్పింది. బీపీ, షుగర్, పొగతాగడం, వినికిడి తగ్గడం, ఒంటరితనం, చిన్ననాటి చదువు లేకపోవడం అందులో ఉన్నాయి. ఇవి పంచాయతీలకు, ఆశా కార్యకర్తలకు, నలభై ఏళ్ల తల్లిదండ్రులకు చెప్పవలసినవి. పిల్లలకు చెబితే, బాపమ్మ చదువుకోలేదు కాబట్టి ఇట్లా అయిందన్న నింద ఇంటికి చేరుతుంది. ఆమెను బడికి పంపనిది ఆమె కాదు.

దానికి తోడు, పాఠం పేరుతో పిల్లలను కాపలాదారులుగా మార్చకూడదు. ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టే సంగతి. మిరపకాయల పని మొదలైతే మా తరగతుల్లో ఆడపిల్లల హాజరు పడిపోతుంది. ఎందుకు రాలేదంటే "ఇంటికాడ బాపమ్మ ఒక్కతే ఉంది సార్" అంటారు. తమ్ముడు మాత్రం బడికి వస్తాడు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ చదువు హక్కు అని 2009 చట్టం చెప్పింది. ఆ హక్కును ఒక జబ్బు మెల్లగా, ఆడపిల్లల దగ్గరే కోసేస్తుంటే, ఎంత బాగా చూసుకుంటున్నదో అని ఆ పిల్లను మెచ్చుకోవడం సరికాదు. బాపమ్మను ప్రేమించడం నీ వంతు, కనిపెట్టుకుని ఉండడం పెద్దల వంతు అని పిల్లలకు స్పష్టంగా చెప్పాలి. ఆమె స్నానం, మందులు, రాత్రి లేచి బయటికి పోకుండా తలుపు గడియ, ఇవేవీ పిల్లల పనులు కావు. ఆమె కొట్టబోయినా, తిట్టినా అక్కడి నుంచి లేచి వచ్చి పెద్దవారికి చెప్పవచ్చు, అది తప్పు కాదు అని కూడా చెప్పాలి.

బాణామతి మాట కూడా ఎత్తక తప్పదు. రాత్రిళ్లు తిరగడం, తనలో తాను మాట్లాడడం, మూటలు కట్టి దాచడం ఈ జబ్బులో మామూలు. ఇవే గుర్తులను చూసి గాలి సోకిందని తాయెత్తులు కట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి, మంత్రాలు చేస్తున్నదని ఒంటరి ముసలమ్మను అనుమానించే వాడకట్టులూ ఉన్నాయి. ఆ అనుమానం ఎంత దూరం పోగలదో మన జిల్లా వార్తలు చదివేవారికి తెలుసు. బడిలో చెప్పిన మాట ఇంటికి చేరుతుంది గనుక ఇది ఒక్క కారణం చాలు, ఈ పాఠం పల్లెబడిలో ముందు చెప్పడానికి.

భాష గురించి ఉపాధ్యాయులకు ఒక మాట. మహబూబాబాద్ వైపు తండాల నుంచి వచ్చే పిల్లల ఇంటి భాష లంబాడీ. వరంగల్ నగరంలో ఉర్దూ మాట్లాడే ఇళ్లు ఎన్నో. రెండు భాషలు తెలిసిన వారిలో ఈ జబ్బు ముదిరిన కొద్దీ తరువాత నేర్చుకున్న భాష ముందు జారిపోయి, తల్లి భాష నిలవడం తరచు కనిపిస్తుంది. అప్పటిదాకా తెలుగులో మాట్లాడిన అవ్వ ఇప్పుడు లంబాడీలోనే జవాబిస్తుంటే, ఆ భాష వచ్చిన మనవడే ఆమెకు దిక్కు. నిమ్స్ ఆసుపత్రిలో పనిచేసిన వైద్యురాలు సువర్ణ అల్లాడి బృందం హైదరాబాద్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని, చదువురాని వారిలో కూడా ఈ ఆలస్యం కనిపించిందని చెప్పింది. ఇంటి భాషలో మాట్లాడినందుకు తరగతిలో పిల్లలను మందలించే మనం దీన్ని చదివి ఆగాలి.

పిల్లలు ఇవ్వడమే కాదు, తీసుకునేదీ ఉంది. పొద్దున ఎవరు వచ్చారో చెప్పలేని ముసలమ్మ బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాట మొదలుపెడితే ఒక్క చరణం తప్పదు, చప్పట్ల లెక్క తప్పదు. రాగంతో కట్టిన జ్ఞాపకం ఈ జబ్బులో చాలా కాలం నిలుస్తుంది. ఫోనులో పాట పెట్టుకుని ఆడే పిల్లలకు ఆ ఊరి పాటలు చెప్పగలిగేది ఆమే. వాటిని రాసుకుని రమ్మని నేను నాలుగో తరగతికి ఇంటిపని ఇచ్చాను. నోటు పుస్తకాల్లో నేనెన్నడూ వినని పాటలు వచ్చాయి.

సిలబస్ ఇప్పటికే ఎక్కువైందన్న అభ్యంతరానికి పెద్ద జవాబు అవసరం లేదు. పరిసరాల విజ్ఞానంలో కుటుంబం గురించి, మన శరీరం గురించి ఎట్లాగూ చెబుతున్నాం. అక్కడే రెండు పీరియడ్లు చాలు. ప్రపంచ అల్జీమర్స్ దినం సెప్టెంబర్ 21. చాలా ఏళ్లలో బతుకమ్మ, దసరా సెలవులు ఆ తరువాత కొద్ది రోజులకో, కొన్ని వారాలకో వస్తాయి, పిల్లలు అమ్మమ్మల ఊళ్లకు పోతారు. పాఠం ఆ సెలవులకు ముందు వారంలో ఉండాలి. దానికి ముందు, చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఉపాధ్యాయులకు ఒక గంట దీనికి కేటాయించాలి, ఎందుకంటే మాలో చాలామంది ఇళ్లలోనూ ఇదే జబ్బు ఉంది, మాకూ ఎవరూ చెప్పలేదు.

పాఠం చెప్పిన రోజు పిల్లల చేతికి ఇంటికి ఒక చీటీ ఇచ్చి పంపాలి. మతిమరుపు అంతా అల్జీమర్స్ కాదని, బీ12 లోపం, థైరాయిడ్ తగ్గడం, దిగులు జబ్బు, కొన్ని మందుల వల్ల వచ్చే మతిమరుపును చాలావరకు సరిచేయవచ్చునని అందులో ఉండాలి. కనుక ముసలితనమని వదిలేయకుండా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికో తీసుకుపోయి చూపించాలని రాయాలి. వృద్ధుల కోసం నడిచే ఎల్డర్‌లైన్ నంబరు 14567, మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే టెలి మానస్ నంబరు 14416 పెద్ద అక్షరాలతో వేయాలి. చదవడం రాని ఇళ్లలో ఆ చీటీని పిల్లలే చదివి వినిపిస్తారు, కాబట్టి అది వాళ్లు కూడబలుక్కోకుండా చదవగలిగే తెలుగులో ఉండాలి.